పదకొండో పేజీ తర్వాత

చిన్నోడా,

అమ్మ కంట్లో చుక్కలు పదింటికి వెయ్యి. వేశాక పది నిమిషాలు కళ్లు మూసుకోమను, లేకపోతే లేచి గిన్నెలు తోముతుంది. అన్నం వండాను, కూర వేడి చేసుకోండి.

నేను జిరాక్స్ షాపులో పనికి వెళ్లలేదు. నువ్వు వదిలేసిన ఆ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష ఇవాళ నేను రాస్తున్నాను. నిన్ను కోచింగ్‌లో చేర్చినప్పుడు నన్నూ చేర్చమని అడిగితే, "ఇంట్లో ఒకళ్లు చదివితే చాల్లే" అన్నాడు నాన్న. నువ్వు నెల తిరక్కుండా మానేశావు. నీ పుస్తకం అటక మీద దొరికింది. పదకొండో పేజీ దాకా నీ గీతలున్నాయి, ఆ తర్వాత పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. విడదీసుకుంటూ చదివాను. అర్థం కానివి జిరాక్స్ షాపులో, భోజనాల వేళ, ఫ్రీ వీడియోలు చూసి నేర్చుకున్నాను.

మొన్న నెట్ ఆగిపోతే "అక్క ఏదో కెలికింది" అని అమ్మతో చెప్పావు. గేమ్ కోసం రౌటర్ సెట్టింగులు చెడగొట్టింది నువ్వు. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు నేను సరిచేశాను. బయటికొచ్చి "దానంతటదే వచ్చింది" అన్నావు. సరిచేసింది నేనంటే ఎక్కడ నేర్చుకున్నానో చెప్పాలి. చెబితే, ఆ పుస్తకం నీదని అప్పుడు గుర్తొస్తుంది నీకు.

రెండోసారి రాయడానికి నా దగ్గర ఫీజు లేదు. సాయంత్రానికి వస్తాను.

అక్క

పాసైతే అమ్మకి నేనే చెబుతాను. కాకపోతే షాపులో పని ఎక్కువై ముఖం ఇలా ఉందంటాను, నువ్వు అవునను. ఈ ఒక్కసారికి నా వైపు మాట్లాడు.