కార్డు వచ్చేదాకా

ఓరురో, బొలీవియా

ప్రియమైన చెల్లీ నియెవెస్,

అమ్మకి తుంటి ఎముక ఆపరేషన్ అయింది. లేచి కూర్చుంటోంది. చిక్కల్లా నాకే వచ్చిపడింది. చిలీ వాళ్ళు నాకు శాశ్వత నివాసం ఇచ్చేశారు గానీ కార్డు ఇంకా చేతికి రాలేదు కదా. తిరిగి వచ్చేద్దామని సరిహద్దు దాకా వెళ్ళాను. కిటికీ అవతలి ఆఫీసరు మొహం కూడా ఎత్తకుండా, "కార్డు లేనిదే నివాసిగా రానివ్వమమ్మా. టూరిస్టుగా వస్తే వచ్చిన నివాసానికే ఎసరు రావచ్చు. ఆపైన నీ ఇష్టం" అన్నాడు. అమ్మ దగ్గరికే వెనక్కి వచ్చాను. కార్డు ఇంటికి రాగానే మన ఓరురో బస్సు డ్రైవరు చేత పంపు.

నా పిల్ల మీర్తా ఎలా ఉంది? సూప్ తాగుతోందా? నాకోసం అడుగుతోందా? దాచకుండా రాయి.

మీ అక్క,
కసిల్దా

ఇకీకే, చిలీ

ప్రియమైన అక్కా,

బెంగపడకు. పిల్ల నిక్షేపంలా ఉంది. మొదట్లో నీకోసం ఏడ్చేది, ఇప్పుడు నా పక్కలోనే పడుకుంటోంది. మొన్న బజార్లో నన్ను "అమ్మా" అంది! పక్క కొట్టు ఆవిడ "అచ్చం నీ పోలికేనే" అంటే నవ్వాగలేదు. నీ బంగాళదుంపల కొట్టుకీ లోటు లేదు. నేను కొసరు వేస్తానని జనం ఎగబడుతున్నారు.

ఒక్క మాట, కోప్పడకు. పిల్ల తల నిండా పేలు. గోకి గోకి పుండ్లు పడ్డాయి. జుట్టు కత్తిరించేశాను.

నీ చెల్లెలు,
నియెవెస్

ఓరురో

నియెవెస్,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అది పుట్టుజుట్టే! మూడేళ్ళు దువ్వి, జడలేసి కాపాడుకున్నాను. మొదటి కత్తెర వేసినవాళ్ళే పిల్లకి జ్ఞానతల్లిగా రెండో అమ్మ అవుతారని నీకు తెలీదూ? అందరినీ పిలిచి, చిచా కల్లు పోసి, తలా ఒక పాయ కత్తిరిస్తుంటే కళ్ళారా చూసుకుందామనుకున్నాను. పేలమందు దొరకలేదా ఆ ఊళ్ళో?

నా మంచం నీది, నా కొట్టు నీది, నా పిల్ల నోట్లో అమ్మవి నువ్వే. ఇప్పుడు జ్ఞానతల్లివీ నువ్వే. అవునే, కుళ్ళే నాకు! కార్డు వచ్చినా నువ్వు పంపవేమోనని కూడా అనిపిస్తోంది. పంపుతావా?

కసిల్దా

ఇకీకే

అక్కా,

ఇదుగో నీ కార్డు. నిన్న వచ్చింది, ఇవాళ్టి బస్సుకే ఇస్తున్నాను.

అంతమాట అన్నావు గనక నేనూ అంటాను, విను. నా దగ్గర ఏ కాగితమూ లేదు. ఈ దేశం దాటితే మళ్ళీ లోపలికి రాలేను. అమ్మకి ఆపరేషన్ అనగానే నువ్వు సంచీ సర్దుకున్నావు. నేను నీ పిల్లని ఎత్తుకుని వాకిట్లో ఏడుస్తూ నిలబడ్డాను. ఇవాళ అమ్మ తల దువ్వేది నువ్వు, సూప్ తాగించేది నువ్వు. నీ బిడ్డ నా దగ్గర ఉండేది కొన్నాళ్ళే. నా తల్లి నాకు మళ్ళీ కనబడుతుందో లేదో. మరి కుళ్ళు ఎవరికుండాలే?

వచ్చి నీ పిల్లని నువ్వు తీసుకో.

నియెవెస్

ఓరురో

ప్రియమైన చెల్లీ,

కార్డు అందింది. రేపు బయల్దేరుతున్నాను. అమ్మ దగ్గర పిన్ని ఉంటానంది.

నీకు రాయని సంగతి ఒకటుంది. మత్తు దిగినప్పటినుంచీ అమ్మ నన్ను నియెవెస్ అనే పిలుస్తోంది. మొదటిరోజు "నేను కసిల్దానమ్మా" అన్నాను. "అది అక్కడ పిల్లతో ఉందిగా, వెర్రిమొహమా!" అంది. ఆ తరవాత దిద్దడం మానేశాను. తన గిన్నెలో మాంసం ముక్క తీసి నాకు పెట్టేది. చెయ్యి పట్టుకుని "వచ్చావు కదే నియెవెస్, అది చాలు" అనేది. చాకిరీ నాది, ముద్దు నీది. అక్కడా నువ్వే, ఇక్కడా నువ్వే! నిన్ను ఎంత తిట్టుకున్నానో. ఆ ఉక్రోషమంతా పిల్ల జుట్టు మీద పెట్టి నీకు రాశాను.

నీ ఉత్తరం చదివాక మాత్రం ఆ తిట్లన్నీ మింగేశాను. అమ్మ లెక్కలో నువ్వు వచ్చావు, దగ్గరుండి చేశావు. ఆమెకి ఆ లోటు లేదు. ఇవాళ నుదుటిమీద శిలువ గుర్తు వేసి నిన్నే దీవించింది. తల వంచి పుచ్చుకున్నాను. తెచ్చి నీకిస్తాను.

మీర్తా నన్ను చూసి నీ వెనక దాక్కుంటుందేమో. దాక్కోనీ. నువ్వు మాత్రం పక్కకి తప్పుకోకు.

నీ అక్క,
కసిల్దా