గంధం కింద చీటీ

హొసకోటె వాల్వుల కర్మాగారం మేనేజరు శ్రీ జయరామప్ప గారి సముఖమునకు, కంప్యూటర్ సహాయకుడు సమర్పించుకొను సంజాయిషీ.

పాత డిస్కును తుడవమంటే, పదేళ్ల డ్రాయింగులున్న డిస్కును తుడిచినందుకు నన్నెందుకు తొలగించరాదని అడిగారు. రెండు డిస్కులూ ఒకే రకానివి. ఏది ఏదో చెప్పే చీటీల మీద ఆయుధపూజ నాడు తమరే స్వహస్తాలతో గంధం పూసి కుంకుమ అద్దారు. దాన్ని కడగరాదని ఆజ్ఞాపించినదీ తమరే.

అయినా నష్టం లేదు. నేను వాడిన కమాండు, యంత్రం డిస్కును గుర్తుపట్టేందుకు దాని మొదట్లో ఉండే చిన్న గుర్తును మాత్రమే చెరిపింది. డ్రాయింగులన్నీ లోపల భద్రం. గుర్తు లేనందున యంత్రం దాన్ని ఖాళీ అనుకుంటోంది, అంతే. ఆ గుర్తు నకలు నా బల్ల మీది కంప్యూటర్లో దాచాను. నిమిషంలో తిరిగి రాయగలను.

అయితే తమరు నా గుర్తింపు కార్డు తీసుకున్నారు. పదకొండేళ్లుగా రోజూ నాతో టీ తాగే వాచ్‌మన్ నాగరాజ్ ఈ ఉదయం గేటు దగ్గర నన్ను ఆపాడు.

"కార్డు లేకుంటే నువ్వెవరో నాకెట్ల తెలుస్తాదప్పా?"

తమరి అనుమతి కోసం ఎదుటి అంగడిలో వేచి ఉన్నాను. టీ నాగరాజే పంపించాడు. నాకు షుగరని చక్కెర వేయించలేదు.