మా అక్క త్రుద్న కాదు

సోఫియా, బల్గేరియా,
బుధవారం

నా ప్రాణమైన అమ్మకి,

ఈ ఉత్తరం నీకు అందేసరికి నేను సరిహద్దు దాటి సెర్బియాలో ఉంటాను. ఉజిత్సె నుంచి అక్క అత్తగారు రాసిన కార్డు నిన్న వచ్చింది. వాళ్ళ భాషే, కానీ అక్షరాలు మనవి, మాటలూ ముప్పాతిక మనవే. "రుసానా త్రుద్న. పొద్దున లేవదు. వండింది ముట్టదు. ఎవరైనా రండి." అంతే. క్షేమం అడగలేదు, దీవెన లేదు.

త్రుద్న అట, అంటే మన భాషలో వేగలేని మనిషట. మనింటి చాకిరీ అంతా ఒంటిచేత్తో చేసిన పిల్లని పట్టుకుని అనవలసిన మాటేనా? రెండు నెలలుగా అక్క చేతిరాత ఎందుకు కనపడలేదో ఇప్పుడు తెలిసింది. కోడలంటే కూలి అడగని కూలిమనిషని నేను చదివిన ప్రతి కరపత్రమూ మొత్తుకుంటూనే ఉంది.

నీకు ఇన్నాళ్ళూ దాచింది ఒకటుంది. ఉన్ని కొనడానికి మన స్లివెన్ వచ్చిన మిలుతిన్‌ని చేసుకోనా వద్దా అని అక్క నన్నే అడిగింది. నువ్వు ఒప్పుకోవని ఏడ్చింది. శ్రమజీవులకి సరిహద్దులేమిటని గంటసేపు ఉపన్యాసమిచ్చి నేనే పంపాను. నేనే తీసుకొస్తాను.

నీ కొడుకు
పెన్చో


ఉజిత్సె,
ఆదివారం

అమ్మా, నా తల్లీ,

ముందు ఊపిరి పీల్చుకో. అక్క బాగుంది. నేనే వీధి మొత్తానికి నవ్వులాటనయ్యాను.

వాకిట్లో అత్తగారు స్తమేనా, పొరుగామె కలిసి ఎర్ర మిరపకాయలు కాలుస్తున్నారు. దణ్ణం కూడా పెట్టకుండా మొదలుపెట్టాను.

"మా అక్క త్రుద్న కాదు. మా అమ్మ జన్మలో ఒక్కసారి కూడా త్రుద్న కాలేదు."

వాళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు.

"మరి నువ్వెలా పుట్టావు నాయనా?" అంది పొరుగామె.

ఎగతాళి అనుకుని మరీ రెచ్చిపోయాను. మీ ఇంటికొచ్చాకే ఇలా అయిందన్నమాట అన్నాను.

"ఇంకెక్కడ అవ్వాలి బాబూ?" అంది స్తమేనా, నిజంగానే అర్థంకాక.

అప్పుడు అక్క నిమ్మచెక్క వాసన చూసుకుంటూ గుమ్మంలోకొచ్చింది. మొహం పాలిపోయింది గానీ కళ్ళు నవ్వుతున్నాయి. "ఒరేయ్ మొద్దూ, ఇక్కడ త్రుద్న అంటే కడుపుతో ఉందని," అంది.

నేను మిరపకాయల బుట్ట మీదే కూలబడ్డాను. ఏడ్చానో నవ్వానో తెలియదు. స్తమేనా నా చేతిలో రొట్టె పెట్టి, కోపిష్టి మేనమామ ఉంటే బిడ్డకి మంచిదేలే అంది.

త్రుద్ అంటే మనకి శ్రమ. మా అచ్చుకూటంలో నేను రోజూ అక్షరం అక్షరం పేర్చే మాట. ఇక్కడ పురిటినొప్పుల్ని త్రుదోవి అంటారట, మాట ఒకటే. అన్ని కరపత్రాలు చదివాను, శ్రమ అంటే అన్నిటా మగవాడి చేతులూ చక్రాలే. నన్ను కనడానికి నీకెంత కష్టమైందో నేనెప్పుడూ అడగలేదమ్మా.

నీ కోపానికి భయపడి ఎవరైనా అని రాశారు గానీ, రమ్మన్నది నిన్నేనట. నీ చేతి పెరుగుచారు తప్ప అక్కకి ఏదీ ఇమడదు. తీసుకురావడానికి వచ్చినవాణ్ణి, నిన్నే రమ్మని రాస్తున్నాను. గురువారం బండికి బయలుదేరు. స్టేషన్‌కి బావ వస్తాడు. నీకింకా కోపముందని భయపడుతూ, నిన్ను ఏమని పిలవాలని నన్ను అడిగాడు. 'మాయ్క' అనమన్నాను. ఆ మాటకి రెండు దేశాల్లోనూ అమ్మ అనే అర్థమని, ఈసారి ముందే అక్కని రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాను.

నీ తొందరపాటు కొడుకు
పెన్చో