పదికి పది

గద్వాల,
శుక్రవారం పొద్దున.

పుష్పకు ఆశీస్సులు. ఇక్కడ నేనూ, నీ తులసి చెట్టూ, నువ్వు మూత బిగించి పోయిన ఆవకాయ జాడీ ముగ్గురమూ బాగున్నాము. అక్కడ నువ్వూ, కాలికి కట్టుతో మంచం మీదున్న మీ చెల్లెలు అలివేలమ్మా బాగున్నారని నమ్ముతున్నాను. క్షేమం మాట ఈసారి సగమే రాశాను. మిగతా సగం కింద వస్తుంది. తొందరపడి చివరి కాగితం తిప్పకు.

నువ్వడిగినవాటికి జవాబులు: అన్నం వండుకుంటున్నాను. బీపీ గోళీ మరువడం లేదు. కుక్కర్ ఎన్ని కూతలకు దించుతున్నావని అడిగావు. గడియారం చూసి దించుతున్నాను. "ఫోన్ ఎత్తవు, నాగర్‌కర్నూల్ల కూసోని ఉత్తరం రాసే గతి పట్టిచ్చినవ్" అని కోప్పడ్డావు. సిగ్నల్ లేదని పక్కింటి విజయమ్మతో నీకు నాలుగుసార్లు చెప్పించాను. దాని అసలు జవాబు కూడా కిందనే ఉంది.

ముందు వార్త. మానవపాడు నుంచి యేసయ్య వచ్చాడు. మన వంటింటి గోడ కట్టిన మేస్త్రీ, అక్కడి చర్చిలో ఒక పెద్ద. పాస్టరుగారి మాట వెనక వరుసల్లో కూర్చున్న ముసలివాళ్లకు తేటగా అందడం లేదట. వనపర్తి దుకాణదారు ఒకతను వచ్చి చూసి, లోపం స్పీకర్లలో లేదు, వైర్లలో ఉందన్నాడట. ఫలానా విదేశీ కేబుల్ వేస్తే గుసగుస కూడా గంటలా మోగుతుందన్నాడట. చర్చి పైకప్పు రేకులకని మిరప కూలీల్లోంచి రెండేళ్లుగా దాచుకున్నదంతా ఆ తీగకే పోతుంది.

"మాకేం తెల్వదన్నా. నువ్వు ఇని సాఫ్ అంటే కొంటం. కాదంటే రేకులేసుకుంటం" అన్నాడు యేసయ్య.

నా సంగతి నీకు తెలియనిదా! నేను రేడియోలు విప్పింది సరదాకు. ఒకరి సెట్టు మంచిదని చెప్పి చాయ్ కంటే ఎక్కువ తాగలేదు. జీతం తెచ్చింది మార్కెట్ యార్డులో కాంటా. అక్కడ వేరుశనగ రోజుల్లో వీపనగండ్ల రైతు ఒకాయన బస్తా పెట్టి, ముల్లు వైపు చూడకుండా నా ముఖమే చూసేవాడు. "ముల్లు చూడవయ్యా" అంటే, "ముల్లును ఎవడన్న ఒత్తుతడు సారూ, మొఖాన్ని ఒత్తరాదు" అనేవాడు. ఎక్కడి మాట ఎక్కడికి పోయింది! కాని ఈ నాలుగు రోజులుగా ఆయనే గుర్తుకొస్తున్నాడు.

సరే, పరీక్ష. "అయినంక వైరు మీరే ఉంచుకోండి" అన్నాడు దుకాణదారు. వద్దన్నాను. షరతులన్నీ నావే. మధ్య గదిలో దుప్పటి అడ్డం కట్టాం. అవతల మైక్‌సెట్ పెంటయ్య. రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే కొత్త వైరు, బొరుసు పడితే మామూలు వైరు తగిలించాలి. పెంటయ్య నోరు విప్పకూడదు. అలా పదిసార్లు. ఇవతల కుర్చీలో నేను, నా జవాబులు రాసుకోవడానికి యేసయ్య, నా ముఖాన్ని ఫోన్‌లో వీడియో తీస్తూ దుకాణదారు.

పెట్టింది నీ పాటే. బియ్యం చెరుగుతూ నువ్వు పాడుకుంటుంటే దొంగతనంగా టేపులో పట్టి, నీతో తిట్లు తిన్నానే, అదే. చేట ఎగిరినప్పుడల్లా వెనక నీ గాజుల గలగల. ముప్పై అయిదేళ్లుగా ఏ సెట్టుకైనా నా కాంటా అదే. గాజులు వినబడితే పాసు, లేకపోతే ఫెయిలు.

పదికి పది సరిగ్గా చెప్పాను పుష్పా. పెంటయ్య దుప్పటి ఎత్తి, "గవి చెవులు గావన్నా, తరాజులు!" అని ఎగిరాడు. సాయంత్రానికి దుకాణదారు దాన్ని వాట్సాప్‌లో ఊరంతా తిప్పాడు. యేసయ్య నా చెయ్యి పట్టుకొని, "జర ఒక కాయితం రాసియ్యన్నా, ఆదివారం సంఘంల సదివిస్త" అన్నాడు.

అప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. ఎవరైనా "పదికి పది" అంటే పక్క సందులోకి తిరిగిపోతున్నాను.

పెంటయ్య అలవాటు నీకు తెలుసు కదా. పొద్దున్నే మైకును కళ్లకద్దుకోనిదే ముట్టడు. ఆ పిరమైన కొత్త వైరును కూడా, తగిలించే ముందు ప్రతిసారీ కళ్లకద్దుకున్నాడు. మామూలు వైరుకు ఆ మర్యాద లేదు. అతని వెనక కిటికీ. మన దుప్పటేమో నువ్వు ఉతికి ఉతికి పలచన చేసింది. నీడ పడింది. చెయ్యి పైకి లేస్తే కొత్తది, లేవకపోతే పాతది. మొదటిసారి నీడ కనపడినప్పుడే కళ్లు మూసుకోవలసింది. మూసుకోలేదు.

ఎందుకు మూసుకోలేదో అదీ చెబుతాను. కళ్లు మూసుకుంటే నా దగ్గర ఏమీ మిగలదు. ఆ పదిసార్లలో, ఆ వైరులో గాని ఈ వైరులో గాని, నీ గాజులు ఒక్కసారి కూడా వినబడలేదు. టేపు అరిగిందేమోనని మరునాడు విజయమ్మకు వినిపించాను. "గాజులేనా? నా చెవుల్ల పడి మోగుతున్నయి గదా పెద్దాయనా" అంది. కుక్కర్ కూత ఏడాదిగా వినబడడం లేదు. ఫోన్‌లో నీ గొంతు వస్తుంది, మాటలు రావు. ఏమన్నావో తెలియకుండా ఊఁ కొట్టడానికి భయమేసి, సిగ్నల్‌ను చంపాను.

నన్నడిగితే చర్చిలో స్పీకర్లు మరీ ఎత్తున ఉన్నాయి. మాట ముసలివాళ్ల తలల మీదుగా పోతోంది. వాటిని కిందికి వంచి చూసి, అప్పుడు రేకులా తీగా తేల్చుకోమంటాను. కాని ఇదంతా తెలిశాక నా మాట వినేదెవరు? కాంటా చెడిందని చెప్పుకున్నవాడి దగ్గరికి బస్తా ఎవరు తెస్తారు? ఆ వీపనగండ్ల పెద్దమనిషి ఇప్పుడు నా ముఖం చూస్తే ఏమంటాడో!

యేసయ్య కాగితం కోసం పది గంటలకు వస్తానన్నాడు. కాగితం రాయలేదు, నీకు ఈ ఉత్తరం రాశాను. కవరు అంటించకుండా అతని చేతికే ఇచ్చి, చదివి పోస్టు డబ్బాలో వేయమంటాను. ముఖాముఖి చెబితే నా నోరు మధ్యలో కథలోకి జారి తప్పించుకుంటుంది, నీకు తెలుసు. ఇది నీకు చేరిందంటే అతను చదివాడన్న మాట. నీ గాజుల ముచ్చట పరాయివాడు చదివాడని కోపం చేసుకోకు. అలివేలమ్మ లేచి నాలుగడుగులు వేశాక వచ్చెయ్యి. నన్ను ఏ చెవుల దవాఖానకు తీసుకుపోతావో నీ ఇష్టం.

దుప్పటి ఇంకా విప్పలేదు. యేసయ్య బండి చప్పుడేమీ వినబడలేదు గాని, ఇప్పుడే దాని మీద ఒక మనిషి నీడ పడింది.

ఇట్లు,
నీ పెనిమిటి
కురుమూర్తి