కిటికీలో నీలం అద్దం

చిట్టితల్లీ,

మా చుట్టుపక్కల పాత చర్చిలన్నీ చూడ్డానికి వస్తున్నానని రాశావు, సంతోషం. నీకు చూపించడానికి మీ బాబాయి అప్పుడే చర్చిల తాళాలకు నూనె రాసి కూర్చున్నారు. ఆయనకిప్పుడు చూపు బొత్తిగా ఆనడం లేదు, కానీ ఒప్పుకోరు. చర్చి గుట్ట మెట్ల దగ్గర "జారిపోతానేమో బాబాయ్" అని నువ్వే చెయ్యి పట్టుకో. బడాయిగా నడిపిస్తారు.

ఇంకో మాట. ఆయన జబ్బుపడి మంచంలో ఉన్నప్పుడు, గుట్ట మీది చర్చిలో నీలం అద్దం గాలివానకు పగిలిపోయింది. ఫాదర్‌గారు మామూలు అద్దం పెట్టించారు. ఆయనకు చెప్పడానికి మాకెవరికీ నోరు రాలేదు. నిన్నూ ఆ కిటికీ కింద నిలబెట్టి, "మొహం నీలంగా మెరుస్తోంది కదూ?" అంటారు. అవునను.

మొన్న నన్ను నిలబెట్టి, అక్కడ పెళ్లైన రోజున ఎలా ఉన్నావో అలాగే ఉన్నావన్నారు. నేనెందుకు కాదంటాను?

నీ రాక కోసం చూస్తూ,
పిన్ని