పైనున్న పేరు

స్ఫాక్స్,
ఆదివారం

మొంజీ గారికి,

మీ తమ్ముడితో పంపిన మక్రూద్ మిఠాయి పెట్టె అందింది. ఇంటిల్లిపాదీ తిన్నాం, బాగుంది. మీరడిగిన పని మాత్రం చెయ్యను.

రేవు కార్యాలయం ఫైళ్ళను రోజూ భద్రపరిచి, బాగా పాతబడినవి తుడిచేసే ఆ స్క్రిప్టు ప్రోగ్రామును లినక్స్, బీఎస్డీ అనే రెండు రకాల కంప్యూటర్ వ్యవస్థల మీదా ఒకేలా నడిచేట్టు, రెండింటికీ తెలిసిన సాదా షెల్ ఆదేశాల్లో రాశాను. అప్పుడు మీరు అందరి ముందూ ఏమన్నారు? "మన దగ్గరున్నవన్నీ లినక్సేగా తల్లీ! పిలిచింది పదిమందినైతే ఊరందరికీ వండుతావేం?" అన్నారు. గదంతా నవ్వింది. నేను మీ దగ్గర ఉద్యోగం మానగానే, ఇది ఏ యంత్రమో చూసుకొని తేదీ అడిగే వరుసలన్నీ చాదస్తమని కొట్టేశారు. స్క్రిప్టు పైనున్న నా పేరు తీసి మీ పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు రేవువాళ్ళు బీఎస్డీ యంత్రాలు తెచ్చుకున్నారు. అక్కడ తేదీ అడిగే తీరు వేరు. తేదీ దొరక్క మీ స్క్రిప్టు కొత్త ఫైళ్ళను కూడా పాతవనుకొని తుడిచేసింది. "ఎవరికీ తెలియకుండా సరిచేసి పెట్టమ్మా" అని కబురు పెట్టారు.

ఎందుకు తెలియకూడదు? నా పాత ప్రతిని నిన్న నేరుగా రేవువాళ్ళకే ఇచ్చాను. ఉత్తుత్తి ఫైళ్ళ మీద రెండూ నడిపి చూపించాను. నాది నిలబడింది. మీది మళ్ళీ అన్నీ తుడిచేసింది. "ఎవరు రాశారమ్మా దీన్ని?" అని వాళ్ళ పెద్దాయన అడిగాడు.

మీ స్క్రిప్టు తెరిచి, తెర ఆయన వైపు తిప్పానండీ. పైనున్న పేరు ఆయనే చదువుకున్నాడు.

ఇట్లు,
మీరు పేరు తీసేసిన మనిషి