తవుడిచ్చి కొన్న కొడుకుకు జనన ధ్రువపత్రం

బూడిదవంక మండల తహశీల్దారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నేను పుట్టినట్లు, అదియును మా అమ్మకే పుట్టినట్లు ధ్రువపరచవలసిందిగా కోరుట గురించి.

తంగేడుమిట్ట గ్రామ కాపురస్థుడను, కీ.శే. దేవేంద్రప్పకు, ఆయన భార్య వెంకటేశ్వరమ్మకు కుమారుడను, ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుకొని బతుకుచున్న తిప్పన్న అను నేను విన్నవించుకొనునది. నా భార్య శివాని ఐర్లాండు దేశంలో ఆసుపత్రి నర్సు. నన్ను తన వద్దకు పిలిపించుకొనుటకు దరఖాస్తు పెట్టినది. ఆమెకు ఇప్పుడు ఏడో నెల. తల్లిదండ్రుల పేర్లతో నా జనన ధ్రువపత్రం ఈ నెలాఖరులోగా చేరకపోతే దరఖాస్తు కొట్టివేస్తామని ఆ దేశపు వీసా వారు రాసినారు. ఆ పత్రం కోసం తమ కార్యాలయంలో నాకు జరుగుతున్న మర్యాద ఈ క్రింది విధముగా ఉన్నది.

1. రిజిస్టరులో నా తల్లిదండ్రుల పేర్ల కింద ఏ బిడ్డా లేదని తమ జూనియర్ అసిస్టెంటు మారెన్న గారు సెలవిచ్చినారు. సరే, లేదన్న ఆ మాటే రాసివ్వండి, అఫిడవిట్టు జతచేసి పంపుకుంటానన్నాను. "ఏమప్పా, లేదని రాయల్లంటే ఏదో ఒక కాయితం చూసి రాయల్ల గదా? ఆ కాయితం యాడుండాది?" అని నన్నే అడిగినారు. లేని కాయితం నేను తెచ్చి చూపిస్తే, అది లేదని వారు రాస్తారట. ఇంత తెలివిని ఈ మండలానికే కట్టిపడేయడం అన్యాయం. రాజధానికి బదిలీ చేయించగలరు.

2. రికార్డు లేకపోవడానికి కారణం తమకు తెలియజేయుచున్నాను. నాకు ముందు మా అమ్మకు ఇద్దరు మగబిడ్డలు పుట్టి పురిటిలోనే పోయినారు. మా వైపు ఆనవాయితీ ప్రకారం నన్ను పుట్టిన పొద్దే తిప్ప మీద, అనగా పెంటకుప్ప మీద, పడుకోబెట్టినారు. పక్కింటి విశ్వాసమ్మ దొరికిన బిడ్డలాగా ఎత్తుకున్నది. మా అమ్మ చేటెడు తవుడిచ్చి ఆమె దగ్గర నన్ను కొన్నది. నా పేరు తిప్పన్న అయినది అందుకే. కొన్న బిడ్డను మృత్యువు ముట్టదని నమ్మకం. అంతటితో ఆగక, జననాలు రాసుకొనేవారు వచ్చినప్పుడు తల్లి పేరు విశ్వాసమ్మ అని రాయించినది. తరువాత బడిలో మా నాయన సరిగా చెప్పినందున పాస్‌పోర్టు వరకు అన్నింటిలో వెంకటేశ్వరమ్మ అనే ఉన్నది. మృత్యువు సర్కారు రిజిస్టర్లు తిరగేస్తుందని మా అమ్మ భయం. వాటిని ఎవరూ తిరగేయరని పాపం ఆమెకు తెలియదు.

3. దీనిపై తమ వీఆర్వో గారు విచారణకు వచ్చి, "నీ కొడుకు యాడుండాడు?" అని విశ్వాసమ్మను గద్దించినారు. ఆ ముసలామె ఏమీ దాచలేదు. "నాకు కొడుకు యాడిది సారూ? ఆ బిడ్డను చేటెడు తవుడు తీసుకోని ఆ పొద్దే అమ్మేస్తి గదా!" అన్నది. వీఆర్వో గారు దానిని శిశు విక్రయమని రిపోర్టు రాసి, పోలీసులకు పంపవలెనా అని తమ సలహా కోరినారు. ఆయనదీ ఈ సీమే. ఆయన పేరు పెంటయ్య. ఆయనను ఎన్ని చేటల తవుడుకు కొన్నారో నేను అడగలేదు.

4. చివరకు తమరే ఒక దారి చూపినారు. తల్లి కార్యాలయానికి వచ్చి "వీడు నేను కన్న కొడుకు" అని నోటితో చెబితే వాంగ్మూలం రాసుకొని పత్రమిస్తామన్నారు. అయ్యా, మా అమ్మ ఆ మాట అనదు. నాకు జ్వరం వచ్చినా "కొన్నోనికి ఒళ్లు బాగలేదు" అంటుంది. నా పెండ్లిలో పురోహితుడు ఎవరి బిడ్డ అని అడిగినా, కొన్న బిడ్డ అనే చెప్పినది. చిన్నప్పుడు నాకు ఏడుపు వచ్చేది. ఇప్పుడు రాదు. ఇద్దరిని మట్టిలో పెట్టిన మనిషితో ఏమని వాదించేది?

కావున ఆమె నోట ఆ మాట అనిపించకుండా, నా పాస్‌పోర్టు, ఊరివారి సాక్ష్యం చూసి పత్రం ఇప్పించవలెను. అది తమ శక్తికి మించిన పనైతే, తిప్పన్న అనువాడు పుట్టనే లేదని సంతకం చేసి ఇవ్వండి. పుట్టనివాడు ఇన్నాళ్లూ ఓటు ఎట్లా వేసినాడో తరువాత తమరే చెప్పుకుందురు గాని.

ఇంతకు మించి మర్యాదగా రాయడం నాకు చేతకాదు గనుక ఇంతటితో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తిప్పన్న
(తల్లి: విచారణలో ఉన్నది)

తా.క. ఈ అర్జీ ఇద్దామని వస్తుంటే మా అమ్మ వద్దన్నా వినక వెంట వచ్చింది. నేను లోపల ముద్ర వేయించుకోవడానికి నిలబడి ఉండగానే పోయి మారెన్న గారి బల్ల ముందు నిలుచుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది. మళ్లీ తీసేసింది. "వీడు నా కడుపున పుట్టినోడు సారూ. కనింది నేనే" అన్నది. ఆఫీసంతా విన్నది.

మారెన్న గారు ఫోనులోంచి తల ఎత్తకుండానే, "వాంగ్మూలం రాసే ఆయప్ప లీవులో ఉండాడమ్మా. సోమారం వచ్చి మళ్లా చెప్పు" అన్నారు.

ఇది మీ వరండాలో కూర్చొని రాస్తున్నాను. మా అమ్మ నా ఎడమ చెయ్యి వదలడం లేదు. ఈ రోజు లారీ ఎక్కొద్దని, రోడ్డు కూడా దాటొద్దని అంటోంది. సోమవారం ఆమె మళ్లీ ఆ మాట చెప్పదు. చెప్పమని నేను అడగను. శివానికి ఏమని చెప్పాలో మీరే రాసి పంపండి. ఆమె అడ్రసు వెనక వైపు ఇస్తున్నాను.